ఇంట్లో పెరిగిన పిల్లకు హత్యల సంగతేం తెలుసు?

అగాథా క్రిస్టీ ప్రసక్తి వచ్చిన ప్రతిచోటా మన సాహిత్యాభిమానులు తప్పక చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. ఆమె నవలలు గళ్ళనుడికట్టు వంటివట. నింపుతున్నంతసేపే సరదా, నింపేశాక చిత్తుకాగితమట. ఆమె బడికి కూడా పోని కలవారింటి పిల్లట. పూలతోటలూ తేనీటి విందులూ తప్ప మరొకటి ఎరగదట. అందుచేత ఆమె పాత్రలలో జీవం ఉండదట. ఈ "అట"లన్నీ చాలా ఏళ్ళుగా వింటున్నాను. చెప్పేవారిలో సగంమంది ఆమెను పదిహేనో యేట చదివి, ఆపైన చదవడం మానేసి, అప్పటి తీర్పును మాత్రం భద్రంగా దాచుకున్నవారు. తక్కిన సగం అసలు చదవనివారు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను పాఠ్యపుస్తకం మధ్యలో దాచి చదివిన తరమే ఈనాడు అపరాధ పరిశోధక నవలను చూసి ముక్కు మీద వేలేసుకోవడం ఒక వింత. అది వేరే చర్చ, పోనివ్వండి.

వీరికి సులువుగా సమాధానం చెప్పవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆమె తన ఊరి ఆసుపత్రిలో గాయపడిన సైనికులకు సేవ చేసింది. 1922లో మొదటి భర్తతో కలిసి దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, హవాయి చుట్టివచ్చింది. రెండో భర్త పురాతత్వవేత్త కావడంతో ఇరాక్, సిరియాలలో తవ్వకాల దగ్గర ఏళ్ళ తరబడి మకాం పెట్టింది. ఆమెను వెక్కిరించే విమర్శకులలో ఇన్ని దేశాల నీళ్ళు తాగినవారు ఎందరో నాకు తెలియదు. అయినా ఈ జాబితా చదివి గెలవడం నాకిష్టం లేదు. అలా గెలిస్తే గడప దాటినవారికే అనుభవం ఉంటుందనే వారి మూలసూత్రానికి నేను కూడా సంతకం పెట్టినట్టవుతుంది. నేను కాదంటున్నది సరిగ్గా ఆ సూత్రాన్నే. క్రిస్టీ నవలలకు కావలసిన అసలు సరుకు ఆమెకు పదకొండేళ్ళు నిండిన కొద్దిరోజుల వరకు, టార్కీ అనే సముద్రతీరపు ఊళ్ళో, ఆష్‌ఫీల్డ్ అనే ఒకే ఇంట్లో దొరికింది. యుద్ధమూ ఎడారులూ ఆమెకు రంగస్థలాలను మాత్రమే ఇచ్చాయి.

ఆ ఇంటి కథ ఆమె పుట్టకముందే మొదలవుతుంది. అగాథా తల్లి క్లారా తండ్రి సైన్యంలో కెప్టెన్. గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. నలుగురు పిల్లలతో తల్లి వితంతువైంది. ఆ తల్లికి ఒక అక్క. ఆమెకు అప్పుడే ఒక ధనిక అమెరికనుతో పెళ్ళయింది. అతనికిది రెండో పెళ్ళి. నీ బిడ్డలలో ఒకరిని నేను పెంచుకుంటానని అక్క ముందుకొచ్చింది. తల్లి మగపిల్లలను దగ్గర పెట్టుకుని, తొమ్మిదేళ్ళ క్లారాను పంపించింది. ఆడపిల్ల సుఖపడుతుందనే పంపింది, సందేహం లేదు. కానీ "అమ్మ నన్ను వద్దనుకుంది" అనే ముల్లు క్లారా గుండెలో జీవితాంతం దిగబడే ఉంది. ఇది అర్థం కావడానికి మనకు ఇంగ్లండు చరిత్ర తెలియనక్కరలేదు. పిల్లలు లేని పెద్దమ్మ ఇంటికో మేనత్త ఇంటికో పెంపకానికి వెళ్ళినవారు మన బంధువర్గాలలోనూ ఉన్నారు. పాలు, పెరుగు, పట్టుపరికిణీలు, అన్నీ అమరిన ఆ ఇంట్లో రాత్రిళ్ళు తలగడలో ముఖం దాచుకున్నవారి సంగతి మనవాళ్ళను అడిగితే చెబుతారు.

ఆ పెద్దమ్మ సవతి కొడుకునే క్లారా తర్వాత పెళ్ళాడింది. (మన వరసల ప్రకారం అతడు అన్నయ్య కావలసినవాడు! వారి లెక్కలు వేరు.) వారి కడగొట్టు సంతానం అగాథా, 1890లో పుట్టింది. అక్క మాడ్జ్ ఆమెకంటే పదకొండేళ్ళు పెద్ద, అన్న మాంటీ పదేళ్ళు పెద్ద. వారిద్దరూ చదువులకు వెళ్ళిపోయాక ఇంట్లో ఈ పిల్ల ఒక్కతే. తండ్రి సంపాదించవలసిన అవసరం లేనివాడు. పొద్దున క్లబ్బు, మధ్యాహ్నం భోజనం, మళ్ళీ క్లబ్బు. తల్లిదేమో ఒక చోట నిలవని బుద్ధి. ఒకనాడు యూనిటేరియను మతం, ఇంకొకనాడు దివ్యజ్ఞాన సమాజం, మరొకనాడు జొరాస్ట్రియను ధర్మం. పిల్లల చదువు విషయంలోనూ అంతే. పెద్దమ్మాయిని బ్రైటన్‌లో బడికి పంపిన ఈమెకు, అగాథా వంతు వచ్చేసరికి కొత్త సిద్ధాంతం పట్టుకుంది: ఎనిమిదేళ్ళు నిండేదాకా పిల్లలకు చదవడం నేర్పరాదు, కళ్ళకూ మెదడుకూ మంచిది కాదు. పిల్ల మాత్రం అయిదేళ్ళకే, ఎవరూ నేర్పకుండా, కథల పుస్తకాలలోని మాటలను ఆకారాన్ని బట్టి గుర్తుపట్టి చదివేసింది. ఈ అపరాధాన్ని దాది వచ్చి యజమానురాలికి సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు విన్నవించుకుందట. అక్షరాలు కాక ఆకారాలు నేర్చినందువల్ల క్రిస్టీకి చివరిదాకా వర్ణక్రమం సరిగా రాలేదు. ఆ విషయం ఆమే చెప్పుకుంది.

బడికి పంపని పిల్ల ఊహలో తానే ఒక బడి పెట్టుకుంది. అందులో నానారకాల ఆడపిల్లలు. పేరుపేరునా ఒక్కొక్కరికి ఒక స్వభావం, ఒక కుటుంబం. వారిలో ఒకతె అంటే సృష్టించిన ఈమెకే గిట్టేది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పిల్లలూ ఎదిగారు, తగవులాడుకున్నారు. పాత్రలు అట్టబొమ్మలనేవారు ఒక్క క్షణం ఆగాలి. పాత్రలతో కలిసి పెరిగిన రచయిత్రి ఈమె.

ఇంతవరకు ముచ్చటగా ఉంది. బాల్యమంతా ఆనందమేనని ఆత్మకథలో ఆమె మళ్ళీ మళ్ళీ రాసింది, నేను నమ్ముతాను కూడా. అయితే ఆ ఆనందం మధ్యలో ఒక పీడకల ఉంది. నా వాదమంతా దాని మీదే నిలబడి ఉంది కనుక కొంత నిదానంగా చెబుతాను.

కలలో ఒక తుపాకీవాడు వచ్చేవాడు. పాతకాలపు ఫ్రెంచి సిపాయి వేషం, మూడు మూలల టోపీ, చేతిలో పాత తుపాకీ. వాడు కాలుస్తాడని భయం కాదు. వాడు అక్కడ ఉన్నాడన్నదే భయం. కొంతకాలానికి కల మారింది. వాడు వేషం మానేశాడు. ఇంట్లో అందరూ తేనీటి బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఉన్నట్టుండి ఎక్కడో ఏదో తేడాగా ఉందని పిల్లకు తోస్తుంది. ఒక్కొక్కరి ముఖమే చూస్తుంది. అమ్మ ముఖమే. కానీ ఆ ముఖంలోంచి పాలిపోయిన నీలికళ్ళు తనవైపు చూస్తుంటాయి. అమ్మ అమ్మ కాదు, తుపాకీవాడు. ఇంకో రాత్రి అక్క. ఇంకో రాత్రి అన్న.

దీనికి తోడు పగటిపూట అక్క మాడ్జ్ ఆడే ఆట ఒకటి ఉండేది. తమ ఇద్దరికంటే పెద్దదైన ఒక పిచ్చి అక్క ఉందనీ, సముద్రపు ఒడ్డున గుహలో ఉంటుందనీ, అప్పుడప్పుడు ఇంటికి వస్తుందనీ, చూడటానికి అచ్చం మాడ్జ్ లాగే ఉంటుందనీ కథ. మాట మాత్రమే తేడా. గొంతు మార్చి, జిడ్డుగా, నేను నీ అక్కనే కదా, వేరే ఎవరో అనుకోవడం లేదు కదా అన్న ధోరణిలో మాడ్జ్ మాట్లాడేది. చిన్నపిల్ల కొయ్యబారిపోయేది. తమాషా ఏమిటంటే, ఆ ఆట ఆడమని అడిగేది ఆ చిన్నపిల్లే. ఎందుకు అడిగేదాన్నో అని వృద్ధాప్యంలో ఆమే ఆశ్చర్యపోయింది. క్రిస్టీ పుస్తకాలు కోట్లలో అమ్ముడుపోవడానికి కారణాలు వెతికేవారు అటు చూడవచ్చు. మనమందరమూ డబ్బిచ్చి ఆ ఆటే ఆడించుకున్నాం.

1901 నవంబరులో తండ్రి పోయాడు. పదకొండేళ్ళ అగాథాకు కొత్త భయం పట్టుకుంది. అర్ధరాత్రి లేచి, అమ్మ చనిపోయిందేమోనని, చీకట్లో వసారా వెంట పాకుతున్నట్టు నడిచివెళ్ళి, తల్లి గది తలుపు దగ్గర మోకరిల్లి ఊపిరి వినిపిస్తుందేమోనని చెవి ఆనించేది. లోపలినుంచి గురక వినబడితే ధైర్యం. నాకు ఆమె నవలలన్నిటిలోనూ ఈ పిల్ల కనబడుతుంది. మూసిన తలుపు, అవతల ప్రాణంగా ప్రేమించే మనిషి, ఇవతల వినడానికి ప్రయత్నిస్తున్న చెవి. మార్పుల్ గానీ పువారో గానీ చేసేది ఇంతకంటే పెద్ద పనేమీ కాదు.

ఇక విమర్శకుల సంగతి. 1944లో రేమండ్ చాండ్లర్ ఒక వ్యాసం రాశాడు. హత్యను జమీందారీ బంగళాలనుంచి బయటికి లాగి, దానికి నిజంగా పాల్పడే మనుషుల మధ్య, వీధుల్లో పెట్టాలన్నది అందులోని సారం. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నవల ముగింపును అందులో ఎద్దేవా చేశాడు. మరుసటి ఏడు ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ పండితుడు, రోజర్ ఆక్రాయిడ్‌ను ఎవరు చంపితే ఎవరికి కావాలి అనే అర్థం వచ్చే శీర్షికతో ఈ జాతి నవలలన్నిటినీ కట్టగట్టి తోసిపుచ్చాడు. మన దగ్గర వినబడే మాటలకు ఈ రెండు వ్యాసాలూ మూలవిరాట్టులు. చాండ్లర్ వాక్యం మీద నాకు వల్లమాలిన గౌరవం. కానీ అతని వాస్తవికత ఏ పాటిదో చూద్దాం. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద హత్యకు గురైన స్త్రీలు, బాలికలు సుమారు 85,000 మంది. వారిలో సుమారు 51,100 మందిని చంపినవారు భర్తలు, సహచరులు, కుటుంబసభ్యులు. నూటికి అరవై. వీధి వాస్తవం, ఇల్లు కల్పన అన్నవారు ఈ అంకెను ఎక్కడ పెట్టుకుంటారు? స్త్రీకి సంబంధించినంతవరకు క్రిస్టీయే వాస్తవికవాది. హంతకుడు బల్ల దగ్గర కూర్చుని చక్కెర ఎన్ని చెంచాలు అని అడుగుతున్నవాడే.

చాండ్లర్‌కంటే గట్టి ఆక్షేపణ ఒకటి ఇటీవలి కాలంలో వచ్చింది. క్రిస్టీ రాతపుస్తకాలు డెబ్భై మూడు మిగిలాయి. వాటిని జాన్ కర్రన్ పరిశీలించి 2009లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఒకే నవలకు హంతకుడిగా ఒకరిని అనుకుని, కొట్టివేసి, మరొకరిని తూచి చూసిన పుటలు అందులో బయటపడ్డాయి. ఇంకేం! పాత్రకు మనస్తత్వమే ఉంటే హంతకుణ్ణి చొక్కా మార్చినట్టు మార్చగలదా అని ప్రశ్న. బలమైన ప్రశ్నే. సమాధానం తుపాకీవాడి దగ్గర ఉంది. ఈ రాత్రి అమ్మ, రేపు అక్క, ఎల్లుండి అన్న. ఆ నీలికళ్ళు బల్ల చుట్టూ ఉన్న ఎవరి ముఖంలోనైనా తెరుచుకోగలవు, ముందుగా చెప్పలేం. ఆమె బాల్యంలో నేర్చుకున్న పాఠమే అది. హంతకుడి పాత్రను ఎవరికైనా ఇవ్వగలగడం మనస్తత్వం తెలియకపోవడం కాదు, ప్రతి మనిషిలోనూ దానికి చోటుందని తెలియడం. ప్రహేళిక అని మనం చులకన చేస్తున్న ఆ చట్రం ఆమె పీడకల ఆకారం. ఒక గది, లెక్కకు సరిపడా ముఖాలు, వాటిలో ఒకటి అది కాదు.

ఇది నా ఊహాగానమే అనేవారికోసం ఒక సాక్ష్యం. మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో ఆమె హత్యలు లేని నవలలు ఆరు రాసింది. 1934లో వచ్చిన "అన్‌ఫినిష్డ్ పోర్ట్రెయిట్" వాటిలో రెండోది. అందులో సీలియా అనే పిల్లకు ఇదే తుపాకీవాడి కల. ఆ పిల్ల పెద్దదై, పెళ్ళి చేసుకుని, ఒకనాడు భర్త ముఖంలో అతణ్ణి చూస్తుంది. 1926లో క్రిస్టీ తల్లి మరణించింది, భర్త మరొకరిని ప్రేమించానన్నాడు, డిసెంబరులో ఆమె పదకొండు రోజులు కనబడకుండా పోయింది. ఆ పదకొండు రోజుల మీద ఎన్ని పుస్తకాలో, ఎన్ని చిత్రాలో! ఆ పదకొండేళ్ళ మీద ఆసక్తి ఉన్నవారు అరుదు.

విషాల సంగతి కూడా ఇలాగే చెబుతారు: మందుల విభాగంలో పనిచేసింది, అందుకే రాయగలిగింది అని. నిజమే, 1917 నాటికి పరీక్ష ప్యాసయింది, మోతాదులు తెలుసు. కానీ ఆ రోజులనుంచి ఆమె మనసులో నాటుకుపోయింది రసాయనశాస్త్రం కాదు, ఒక మనిషి. ఆమెకు శిక్షణ ఇచ్చిన ఔషధ విక్రేత, గులాబిరంగు బుగ్గలతో పసిపాపలా ఉండే పెద్దమనిషి, జేబులో ఒక ముక్క క్యురారే విషం పెట్టుకుని తిరిగేవాడు. ఎందుకంటే అది తన దగ్గరుంటే శక్తిమంతుడిననిపిస్తుందట. సుమారు నలభై అయిదేళ్ళ తర్వాత, 1961లో వచ్చిన "ది పేల్ హార్స్" రాస్తున్నప్పుడు ఆమెకు ఆయన గుర్తుకొచ్చాడు. పసిపాప ముఖంలో నీలికళ్ళను పసిగట్టడం ఆసుపత్రిలో నేర్పే విద్య కాదు కదా.

క్లారాను పెంచిన పెద్దమ్మను మరచిపోలేదు. ఆమె అగాథాకు వరసకు అమ్మమ్మా అయింది, నాయనమ్మా అయింది. ఎవరు ఏం చేసినా దాని వెనుక అతి చెడ్డ కారణమే ఉంటుందని ముందే తీర్మానించేదట. భయపెట్టేటంత తరచుగా ఆమె మాటే నిజమయ్యేదట. ఇలాంటి బామ్మలు మనకు కొత్త కాదు. పెళ్ళిచూపులలో కాఫీ గ్లాసు పట్టుకున్న తీరు చూసి సంబంధం పొసగదని చెప్పేవారు. మిస్ మార్పుల్‌కు ఆ గుణం ఆమెనుంచే వచ్చింది. ఒక బిడ్డను తల్లినుంచి తీసుకున్న స్త్రీయే, ఆ బిడ్డకు పుట్టిన బిడ్డ చేతిలో న్యాయాన్ని వెతికే స్త్రీ అయింది.

పెంపకపు గాయం సూటిగా బయటపడింది 1958 నాటి "ఆర్డీల్ బై ఇన్నోసెన్స్"లో. సంపన్నురాలైన ఒకామె అయిదుగురు పిల్లలను దత్తత తీసుకుంటుంది. ఏ లోటూ చేయదు. ఆమె హత్యకు గురవుతుంది. ఒక కొడుక్కు శిక్షపడి, చెరసాలలో చనిపోతాడు. రెండేళ్ళ తర్వాత ఒక అపరిచితుడు వచ్చి, ఆ రోజు ఆ కుర్రవాడు నా బండిలో ఉన్నాడు, అతడు నిర్దోషి అంటాడు. శుభవార్త మోసుకొచ్చానన్న సంతోషంతో వచ్చినవాడు ఇంట్లోవారి ముఖాలు చూసి నిర్ఘాంతపోతాడు. ఎవరూ సంతోషించరు. చనిపోయినవాడు కాకపోతే మరి మనలో ఎవరు? ఆ క్షణంనుంచి భార్యాభర్తలు, తోబుట్టువులు ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకోవడం మొదలుపెడతారు. పెంపుడు కొడుకులలో ఒకడికి, మంచి ఇల్లు దొరికినందుకు కృతజ్ఞత కంటే, కన్నతల్లి తనను ఇచ్చివేసిందన్న కసే ఎక్కువ. ప్రేమ కొని పెట్టిన ఇంట్లో కృతజ్ఞత ఎంత బరువో క్లారా కూతురికి ఎవరూ చెప్పనక్కరలేదు. తన నవలలలో తనకు బాగా తృప్తినిచ్చినవి రెండని క్రిస్టీ చెప్పుకుంది. ఒకటి "క్రూకెడ్ హౌస్", రెండోది ఇది. రెండూ ఒక్క కుటుంబం కథలే.

ఆమెను నేను దేవతను చేయడం లేదు. విదేశీయుల మీద, యూదుల మీద ఆమె విసిరిన చులకన మాటలు ఈనాడు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. పనివాళ్ళంటే ఆమెకు చాలాచోట్ల తెలివితక్కువవారే. బాల్యం ఉంటే చాలు, రచన దానంతటదే పండుతుందని కూడా నేననను. 1973లో వచ్చిన "పోస్టర్న్ ఆఫ్ ఫేట్"లో ఆష్‌ఫీల్డ్ ఇంటి గాజు గది, చెక్కగుర్రం, అన్నీ ఉన్నదున్నట్టు దిగాయి. అది ఆమె నవలలలో బహుశా అతి పేలవమైనది. జ్ఞాపకం బట్టబయలుగా వచ్చినప్పుడు చప్పబడింది. చట్రంలో దాగి వచ్చినప్పుడే మనల్ని భయపెట్టింది. ప్రహేళికను వదిలి జీవితం రాసి ఉండవలసిందని ఆమెకు సలహాలిచ్చేవారు ఈ రెండు రకాల పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంత ఆవేశం ఎందుకంటారా? ఈ తీర్పు క్రిస్టీతో ఆగదు కనుక. అరవైలలో, డెబ్భైలలో మన నవలా రచయిత్రులు వెల్లువలా రాసినప్పుడు వంటింటి సాహిత్యమని పక్కకు నెట్టినవారి నోట ఉన్నది ఇదే కొలబద్ద. ఆకలి అనుభవం, జైలు అనుభవం, ఉద్యమం అనుభవం. మూసిన తలుపు దగ్గర రాత్రంతా మేలుకోవడం మాత్రం అనుభవం కాదు. ఆ రచయిత్రులలో బలహీనంగా రాసినవారు లేరా? ఉన్నారు. వారి బలహీనతను వారి వాక్యంలో చూపించండి, ఒప్పుకుంటాను. వారి చిరునామాలో చూపించకండి.

నాతో విభేదించేవారికి ఆహ్వానమే. ముందుగా "ఆర్డీల్ బై ఇన్నోసెన్స్" చదివి రండి. వికీపీడియాలో కథాసంగ్రహం చూసి మాత్రం రాకండి, అందులో హంతకులెవరో చెప్పేస్తారు.